కూజాసూత్రములకు ఘర్షణీవ్యాఖ్య

అవతారిక

దెందులూరు చుట్టుపట్ల నున్న యొకానొక ఉన్నత పాఠశాలయందు, ఎనిమిదవ తరగతి నల్లబల్లపై, శనివారము మధ్యాహ్నపు కడపటి పీరియడున సుద్దముక్కతో ఆవిర్భవించి, గంట కొట్టిన యనంతరము డస్టరునకు ఆహుతియై, మా మనుమరాలి డ్రాయింగు పుస్తకపు మొదటి పుటయందు మాత్రము వ్రాతప్రతిగా మిగిలిన సూత్రములు ఆఱు నాకు లభించినవి. పాఠశాల పేరు టీకకు అనవసరము. ఆ చోట మీ యూరి బడిపేరు వ్రాసికొన్నను టీకలో ఒక్క యక్షరము మార్పవలసిన పని యుండదు.

కోలాచల మల్లినాథసూరి రఘువంశమునకు సంజీవనియు, కిరాతార్జునీయమునకు ఘంటాపథమును, మాఘమునకు సర్వంకషయు, నైషధమునకు జీవాతువును వ్రాసి, ఆధారము లేనిది వ్రాయననియు అక్కఱలేనిది చెప్పననియు ప్రతిజ్ఞ చేసిన మహానుభావుడు. ఆ మెదకుసీమ పండితునకు నమస్కరించి, ఆ రెండు ప్రతిజ్ఞలను మాత్రము వారికే విడిచిపెట్టి, నేను ఈ వ్యాఖ్యకు ఘర్షణి యని పేరిడుచున్నాను. నాల్గవ సూత్రమున రబ్బరు నిషిద్ధమైనది గనుక, తరగతిలో ఎవరును చెఱపలేని దానిని వ్యాఖ్యయైనను కొంత రుద్దవలయునని నా సంకల్పము. పెన్సిలనగా నేమి, బల్లయనగా నేమి యని తేలిక మాటలకు అర్థము వ్రాయుట ఈ టీకాకారుని వ్రతము గాదు. తెలియనివారు ఎనిమిదవ తరగతివారిని అడుగవచ్చును.

మూలము

1. కళావిద్యా లక్ష్యము: విద్యార్థులలో సౌందర్యస్పృహను పెంపొందించుట.
2. కూజా బొమ్మ వేయుము.
3. వెలుతురు ఎడమ, నీడ కుడి.
4. రబ్బరు వాడరాదు.
5. ఇంటిపని: సీనరీ.
6. మార్జిను తప్పనిసరి.

మొదటి సూత్రము

గ్రంథారంభమున విషయ ప్రయోజన సంబంధాధికారులను నాల్గింటిని చెప్పుట పెద్దల మర్యాద. ఇచట ప్రయోజన మొక్కటియే చెప్పబడి తక్కిన మూడును మ్రింగబడినవి. కారణ మేమనగా, ఈ వాక్యము సూత్రకారుని సొంతము గాదు, పైనుండి దిగివచ్చినది. ప్రారంభమున ఇట్టి యొక వాక్యము లేనిదే పాఠము పాఠము గాదని ఆయనకు శిక్షణలో చెప్పియుందురు. తక్కిన అయిదు సూత్రముల నడకకును దీని నడకకును పొందిక లేకపోవుట చదువరులు గుర్తింతురు గాక.

ఇందు పెంపొందించుట యను క్రియకు కర్త కనబడడు. కర్తను దాచి పని తనంతట తాను జరుగుచున్నట్లు పలుకుటను వైయాకరణులు భావే ప్రయోగమందురు. మన కార్యాలయములలో దానిని జీవో అందురు. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము పదవ తరగతివఱకు కళలు అందఱికిని నేర్పవలసినవే యని చెప్పినది. 2009 నాటి విద్యాహక్కు చట్టపు షెడ్యూలు, ఆఱునుండి ఎనిమిదివఱకు గల తరగతులలో నూర్గురికి మించి పిల్లలున్న బడికి కళావిద్య చెప్పుటకు పార్టుటైము బోధకుడైనను ఉండవలయునని చెప్పినది. పిమ్మట కళలు, సాంస్కృతిక విద్య యనునది సహపాఠ్యాంశమై, దానికొక గ్రేడును, గ్రేడునకొక గడియు, గడికొక రిజిస్టరును ఏర్పడినవి. చట్రము మంచిది, చట్టము మంచిది, గడియును నిలువుటడ్డములు సరిగా గీయబడిన మంచి గడియే. దానిని నింపుటకు అర్హుడైన మనుష్యుడు ఒక్కడు తక్కువ.

శంక: మఱి ఈ సూత్రముల కర్త యెవరు? సమాధానము: లెక్కల మాష్టారు. పేరు చెప్పుట సంప్రదాయము గాదు గాని వృత్తి చెప్పక టీక సాగదు. ఆయన దోషలేశము లేని మనిషి. ఆ శనివారము ప్రధానోపాధ్యాయులు పిలిచి, ఆ పీరియడు ఖాళీగా నున్నది, పిల్లలు అల్లరి చేయకుండ చూడుడనగా, పిల్లలను లెక్కలతో చంపక బొమ్మలతో బ్రదికింపనెంచిన దయాళువు. ఆయనపై నాకు కోపము లేదు. నా కోపమంతయు మొదటి సూత్రమును ఏసీ గదిలో కూర్చుండి రచించి, దానిని ఆయన చేతికిచ్చి, సుద్దముక్క మాత్రము ఆయనే కొనుక్కొనునట్లు చేసినవారిమీద. వార్షికోత్సవమునాడు శాలువ కప్పించుకొని, ప్రతి బిడ్డయు పుట్టుకతోనే కళాకారుడని సెలవిచ్చి, ఆ బిడ్డకు రంగుల పెట్టె యెవరిత్తురని అడుగకముందే కారెక్కు పెద్దలమీద.

విష్ణుధర్మోత్తర పురాణము మూడవ ఖండమున వజ్రుడను రాజు, ప్రతిమలు చేయు విధము చెప్పుమని మార్కండేయు నడిగెను. చిత్రము తెలియనివానికి ప్రతిమ తెలియదనెను ఋషి. అయినచో చిత్రము చెప్పుమనగా, నృత్తము తెలియక చిత్రము తెలియదనెను. నృత్తము చెప్పుమనగా వాద్యము, వాద్యము చెప్పుమనగా గీతము. ఇట్లు ఒక బొమ్మ చేయుట నేర్వవచ్చిన రాజు పాటవఱకు వెనుకకు నడువవలసివచ్చెను. మన టైమ్‌టేబులునందు ఈ విద్యాపరంపర కంతకును వారమునకొక పీరియడు; అదియును లెక్కల సిలబసు మిగిలియుండనప్పుడు.

రెండవ సూత్రము

కూజా యెక్కడ? ఇది ఈ గ్రంథమునందలి ప్రధానప్రశ్న. తరగతిలో కూజా లేదు. బల్లక్రింద పిల్లల ప్లాస్టిక్కు సీసాలున్నవి. ఎదుట లేని వస్తువును చూచి వ్రాయుమనుట యెట్లు పొసగును?

దీనికి సమాధానము చెప్పుటకు న్యాయశాస్త్రము శరణ్యము. ఏలయన ఆ శాస్త్రము పుట్టినది మొదలు దాని పోషణభార మంతయు కుమ్మరులమీదనే పడియున్నది. కార్యకారణభావము చెప్పవలసినచో ఘటము; జాతివ్యక్తులు చెప్పవలసినచో ఘటము; ఉన్నదనుటకు ఘటము, లేదనుటకును ఘటమే. తార్కికులను ఖండింపవచ్చిన అద్వైతులు తర్కమును విడిచిరి గాని కుండను విడువలేదు. ఘటాకాశము మహాకాశము అని చెప్పి, తుదకు దానిని పగులగొట్టియే ఆకాశమునకు విడుదల ప్రసాదించిరి. తెలుగువాడని పండితులు చెప్పుకొను అన్నంభట్టు, చదువు మొదలుపెట్టు పిల్లవానికి తర్కసంగ్రహము వ్రాసి, అందు అభావము నాలుగు విధములని తేల్చెను. ఆయన బాలబోధకే వ్రాసెను గనుక దానిని ఎనిమిదవ తరగతికి అన్వయించుట తప్పు గాదు.

ప్రాగభావమనగా వస్తువు పుట్టకమునుపు లేకుండుట. దానికి ఆది లేదు గాని అంతము కలదు. తెల్లకాగితముపై కూజా ప్రాగభావము నలువదిమందికిని సమానముగా నుండి, కొందఱికి అయిదు నిమిషములలో నశించినది. వెనుకబల్లవారికి గంట కొట్టువఱకును నిరాఘాటముగా సాగినది. ప్రధ్వంసాభావమనగా పుట్టినది నశించిన తరువాతి లేమి. దీనికి ఆది కలదు గాని అంతము లేదు. రబ్బరు నిషిద్ధమగుటచే వ్రేలు ఉమ్మితో తడిపి రుద్దినవారి కాగితములపై ఇది చిల్లురూపమున ప్రత్యక్షము. అత్యంతాభావము మూడు కాలములయందును లేకుండుట. దీనికి ఉదాహరణము డ్రాయింగు మాష్టారు.

పూర్వపక్షము: అది యొప్పదు, ముప్పదియేండ్లక్రిందట ఇదే బడిలో డ్రాయింగు మాష్టా రొకరుండిరి, గాంధీగారి బొమ్మయు సరస్వతీదేవి బొమ్మయు గోడలమీద వ్రాసిరి, రిటైరైన పిమ్మట ఆ స్థానము భర్తీ కాలేదు, కావున అది ప్రధ్వంసాభావమే యని పూర్వవిద్యార్థులు వాదింతురు. అది ఖాళీ మాత్రమే, ఇంకను పుట్టవలసియున్నది, భర్తీ కాగానే అంతమగును గనుక ప్రాగభావమని జిల్లా కార్యాలయమువారు సిద్ధాంతీకరింతురు. అనాది యగుటకు మాత్రము వారికి అభ్యంతరము లేదు. ఈ ఇరువురి మధ్య కూర్చున్న పిల్ల అట్టివాని నెన్నడును చూడలేదు, ఆ బడి విడుచులోపల చూడబోదు, ఆమెకది అత్యంతాభావము. ఒకే కుర్చీ ముగ్గురికి మూడు విధములుగా లేకుండుటను అన్నంభట్టు ఊహింపలేదు. నాల్గవది అన్యోన్యాభావము: ఘటము పటము గాదు, పటము ఘటము గాదు, లెక్కల మాష్టారు డ్రాయింగు మాష్టారు గారు.

ఆ మాట విస్తరింపవలయును. దెందులూరికి దాపుననే గోపన్నపాలెములో వ్యాయామవిద్యకొక కళాశాల కలదు. డ్రిల్లు మాష్టారు కాగోరువాడు అచట చేరి చదువుకొనును. డ్రాయింగు మాష్టారు కాగోరువాడు లోయరు, హయ్యరు పరీక్షలను ఒకదాని వెనుక నొకటి వ్రాసి, వేసవి యెండలలో 42 దినముల శిక్షణ ముగించి, సర్టిఫికెట్లను ప్లాస్టిక్కు కవరులో పెట్టుకొని, నోటిఫికేషను వచ్చువఱకు దుకాణములకు సైనుబోర్డులు వ్రాసికొనుచుండును. ఫ్లెక్సీలు వచ్చిన పిమ్మట అదియును పోయినది. ఏలూరు బజారులో నడచినచో దుకాణపు నుదుట చేతితో వ్రాసిన అక్షరము కనబడుట అరుదు. ఆ చేతులు ఇప్పుడేమి చేయుచున్నవో, బడులలో మాత్రము లేవు.

ఇక కూజా. మాష్టారు నల్లబల్లపై ఒక కోడిగ్రుడ్డును, దానిపై రెండు నిలువుగీతలను, ఆపై ఒక గిన్నెమూతిని వేసిరి. ఎడమచేతివైపు గీత కొంచెము జాఱినది. నలువదిమంది పిల్లలును దానిని చూచి వ్రాసిరి. నలువది కూజాలును ఎడమవైపే వాలినవి. సాదృశ్యము చిత్రమున కుండవలసిన ఆఱంగములలో నొకటియని యశోధరుడు జయమంగళావ్యాఖ్యలో చెప్పెను (ఆ జయమంగళ ఏ సూత్రములకు వ్యాఖ్యయో ఎనిమిదవ తరగతివారికి చెప్ప నక్కఱలేదు). నల్లబల్లతో సాదృశ్యము వంద పాళ్లు సిద్ధించినది. అదే సమయమున, అదే తరగతి తలుపు బయట, వరండాలో, మధ్యాహ్న భోజనపు డేగిశా బోర్లించియున్నది: సొట్టలు పడి, అడుగు మసిబారి, ఒక ప్రక్క తోమిన మెఱుపు, ఒక ప్రక్క మండిన నలుపు, చెవి యొకటి వంగి. కూజాకు కావలసిన వంపులన్నియు దానికున్నవి, కూజాకు లేని యాకలి కథయును దానికున్నది. దానిని నలుగురు పిల్లలు ఎత్తి బల్లమీద పెట్టుటకు ఏ జీవో అక్కఱలేదు. దానిని ఎవరును చూడలేదు.

మూడవ సూత్రము

మా మనుమరాలు కూర్చుండు బల్లకు కిటికీ కుడివైపున నున్నది. శనివారము మధ్యాహ్నము పడమటి యెండ ఆ కిటికీ గుండనే లోనికి వచ్చును. కావున ఆమెకు వెలుతురు కుడి, నీడ ఎడమ. సూత్రము దానికి విరుద్ధము. ప్రత్యక్షమునకును ఆగమమునకును విరోధము వచ్చినపుడు ఏది బలీయము? అగ్ని చల్లనిదని శ్రుతులు నూఱు వచ్చి చెప్పినను అవి ప్రమాణము గావని శంకరభగవత్పాదులు గీతాభాష్యమున నిష్కర్షగా చెప్పిరి. ఇచట నల్లబల్ల యొక్కటి చెప్పగా నలువదిమంది నమ్మిరి. నమ్మనిచో గ్రేడు తగ్గునను భయము భాష్యకారులకు లేదు గదా.

మఱియొక విశేషము. మన ప్రాచీనచిత్రములందు వస్తువు నేలపై పడవేయు నీడ సాధారణముగా కానరాదు. ముందు చెప్పిన విష్ణుధర్మోత్తరమందలి చిత్రసూత్రమున చెప్పబడినది వర్తన, అనగా వస్తువు నొడలిమీదనే గుండ్రనము తెలియునట్లు ముదురు చేయుట. అది ఆకుల యీనెలవలె గీతలతో పత్రజమనియు, మిక్కిలి సన్నని రేఖలతో ఐరికమనియు, చుక్కలతో బిందుజమనియు మూడు తెఱగులు. మా పిల్ల ఈ మూటిని ఎఱుగక నాల్గవదానిని, పెన్సిలు పొడిని వ్రేలితో పులుమునట్టి పద్ధతిని అవలంబించినది. వెనుకబల్లలోని యొక బాలుడు అసలు నీడయే వేయలేదట. దమయంతి స్వయంవరమున నలుని రూపమున కూర్చున్న దేవతలను, వారికి నీడ లేకుండుటచేత గదా గుర్తించినది! ఆ లెక్కన ఆ బాలుని కూజా దేవకూజా. దానికి డి గ్రేడు వచ్చినది.

నాల్గవ సూత్రము

అర్థము స్పష్టము, కారణము అస్పష్టము. తాటాకుపై గంటముతో వ్రాసినవారికి రబ్బరు లేదనవచ్చును. నిజమే, కాని వారు ఇసుకలో ఏండ్లకేండ్లు దిద్ది, చేయి కుదిరిన పిమ్మట ఆకు పట్టిరి. మొదటి పాఠమునాడే దిద్దుబాటు మానుమనుట లెక్కల వారికి తగదు. వారి నోటుపుస్తకములలో రఫ్ వర్కునకు కుడిప్రక్క చోటు విడుచుట వారే నేర్పినది.

అయిదవ సూత్రము

సీనరీయనగా నేమో తెలియని తెలుగుబిడ్డ లేడు. అది శాస్త్రముకంటె స్థిరమైనది. పుట పైభాగమున రెండు కొండలు, త్రిభుజములు. రెంటి నడుమ అర్ధసూర్యుడు, చుట్టును కిరణములు. కొండల నడుమనుండియే ఒక నది పుట్టి వంకరలు తిరుగుచు పుట యడుగునకు వచ్చి హఠాత్తుగా ఆగును. ఒక గట్టున గుడిసె, రెండవ గట్టున కొబ్బరిచెట్టు. ఆకాశమున అక్షరములను విడిచి యెగిరిపోయిన తలకట్లవలె నాలుగైదు పక్షులు. శ్రీకాకుళమునుండి చిత్తూరువఱకు దీనికి పాఠాంతరము లేదు. ఒక్కొక్కచోట గుడిసెకు ముందు జెండాకఱ్ఱ యుండును. అది ప్రక్షిప్తము, ఆగస్టు మాసమున చేరును.

మా పిల్లయు మొదట దీనినే వేసినది. "కొండలెక్కడ చూశావే అమ్మడూ?" అని యడిగితిని. "సీనరీ అంటే కొండలుండాలి తాతా, అందరూ వేస్తారు" అన్నది. దెందులూరు గట్టుమీద నిలిచి నాలుగు దిక్కులు చూడుడు. తూర్పున భీమడోలు, పూళ్ల మీదుగా తాడేపల్లిగూడెమువఱకు వరిచేలును తాళ్లును. దక్షిణమున కొల్లేటివైపు చెఱువులు, గట్లు. సూర్యుడు తాటిమట్టల వెనుకనుండి లేచును గాని రెండు కొండల సందునుండి లేచిన దాఖలా లేదు. ఉత్తరముగా పోగా పోగా జీలకఱ్ఱగూడెము దగ్గఱ గుంటుపల్లి గుట్టలు వచ్చును. అవి గుట్టలే, త్రిభుజములు గావు. ఆ గుట్టలో క్రీస్తుకు పూర్వమే బౌద్ధులకొఱకు రాతిని తొలిచినవారు, వట్రువగా నొక చైత్యమును చేసి, దాని లోకప్పున రాతితోనే వాసములను చెక్కిరి. రాయి నిలుచుటకు వాసము లక్కఱలేదు, కాని వారు చూచిన యిల్లు కొయ్యవాసముల గుడిసె గనుక దానినే కొండలో పెట్టిరి. వారు కొండలో నిలిచి గుడిసెను చూపిరి; మా పిల్లలు గుడిసెలలో కూర్చుండి కొండలను చూపుచున్నారు.

ఈ కొండలు ఎచటివో నిర్ణయింపవలయును. మేరుమందరములని కొందఱు, అది పొరపాటు, మేరువు ఒక్కటే. క్యాలెండరులనుండి వచ్చినవని కొందఱు. క్యాలెండరునకు ఎచటినుండి వచ్చినవని అడుగగా వారు మౌనము దాల్తురు. నా మతమిది: పూర్వము పర్వతములకు రెక్కలుండెడివి, ఇంద్రుడు వజ్రముతో వానిని నఱుకుచుండగా మైనాకుడు సముద్రమున దాగెను. ఆ గందరగోళములో మఱి రెండు కుఱుచ పర్వతములు ఎవరి కంటను పడక తప్పించుకొని, ఇంద్రుడు ఎన్నడును తెఱచిచూడని చోటగు బడిపిల్లల డ్రాయింగు పుస్తకములలో దాగి, నేటికిని క్షేమముగా నున్నవి. నడుమనున్న సూర్యుడు సాక్షి.

ఇంతకును కొండలు లేని దేశమున చూడదగిన దేమియు లేదా? కొల్లేరు కలదు. బుడమేరు, తమ్మిలేరు మొదలగువాని నీరంతయు వచ్చి నిలిచి, ఉప్పుటేటి గుండ మెల్లగా సముద్రమునకు పోవు ఆ పల్లపు సరస్సులో, కిక్కిస పొదలును, గుఱ్ఱపుడెక్క పచ్చదనమును, తాటిదోనెలపై నిలుచుండి గడవేయువారును, కొల్లేటికోట లంకలో పెద్దింట్లమ్మ గుడియు, ఆటపాక చెట్లపై గూళ్లు కట్టి, గొంతుసంచులు జాఱవిడిచి, పంచాయతీ పెద్దలవలె కూర్చుండు గూడబాతులును కలవు. తరంగములను, మంటనాలుకలను, పొగను, జెండాలను గాలికి కదలునట్లు వ్రాయగలవాడే చిత్రమెఱిగినవాడని చిత్రసూత్రము. అలలు కొల్లేటిలో నున్నవి. మంటయు పొగయు చేపలు కాల్చు చోటనున్నవి. జెండాలు ఏటేటా వచ్చుచునే యున్నవి.

కొల్లేటి మాట వచ్చినది గనుక ఒక రేఖను గూర్చి చెప్పి గాని ముందుకు సాగను. ఈ సీమలో నిజముగా రబ్బరు వాడక గీచిన గీత ఒక్కటే: అయిదవ కాంటూరు. సముద్రమట్టమునకు అయిదడుగుల యెత్తున నేలపై కనబడక, కాగితముపై మాత్రము కనబడు ఆ రేఖకు లోపలిదంతయు అభయారణ్యమని 1999 లో ప్రకటించిరి. 2002 లో అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలో సరస్సు చేరినది. 2006 లో ఆ రేఖలోపలి చేపల చెఱువుల గట్లను యంత్రములతో త్రెంచివేసిరి. సరస్సు సరస్సుగా నుండవలెననుట న్యాయమే. గట్టు త్రెగిననాడు అప్పు త్రెగలేదని గట్టుమీదివాడు ఏడ్చుటయు న్యాయమే. ఆ గీతను మూడవ కాంటూరునకు జరుపుడని అడుగువారు నేటికిని కలరు, అనగా రబ్బరు అడుగుచున్నారు. రేఖ యెంత పని చేయగలదో, దానిని గీచువాడు నేలను ఎంత చూచి గీయవలెనో బోధించుటకు ఇంతకంటె పెద్ద పాఠము ఏ డ్రాయింగు పుస్తకములో దొరకును? ఆ రేఖకు రెండు ప్రక్కల పుట్టిన పిల్లలు కొండలు వేయుచున్నారు.

న్యాయముగా నాకు విరుద్ధమైన దృష్టాంతమును గూడ చెప్పవలయును. రాజమహేంద్రవరపు ఆర్ట్సు కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర డ్రాయింగు మాష్టారు గాడు. ఐనను దామెర్ల రామారావను బాలుని చేతిలోని గీతను గుర్తించి, బొంబాయి జె.జె. చిత్రకళాశాలకు చేర్చినవాడాయన, అడివి బాపిరాజును ఆయన శిష్యుడే. రామారావు 1897 లో పుట్టి 1925 లో, ఇరువదియెనిమిదేండ్లు నిండకయే గతించెను. ఆ కొద్దికాలములో వ్రాసినవి నేటికిని గోదావరి యొడ్డున ఆయన పేరిటి చిత్రశాలలో వ్రేలాడుచున్నవి. కావున అన్యోన్యాభావము సర్వత్ర చెల్లదు. డ్రాయింగు మాష్టారు గానివాడును చూపు కలవాడైనచో చాలును. అయితే కూల్డ్రే దొరకు పదవ తరగతి పబ్లిక్ పరీక్షల శాతము చూపుమని నెలకొక సమీక్షాసమావేశము ఉండియుండదు.

ఆఱవ సూత్రము

మా పిల్ల నా ప్రశ్నకు నొచ్చుకొన్నదో, ఆదివారము మేనమామగారి చేపల చెఱువునకు పోయినది గనుకనో, కొండల పుట విడిచి మఱియొక పుటలో వేఱొక బొమ్మ వేసినది. గట్టు, గట్టుమీద మోటారు షెడ్డు, నీటిలో తెల్లని నురుగు చిమ్ము ఏరేటరు చక్రములు, ఒక వెదురు గడపై, మేత వేయువాని వైపు తల త్రిప్పి, రెక్క విప్పబోవు గూడబాతు. ముక్కు పొడవైనది, మెడ కుఱుచైనది, ఒక కాలు మఱచినది. కాని ఆ పక్షి బరువు తెలియుచున్నది. గడ దాని క్రింద వంగియున్నది. గడ వంగుట ఎవరు నేర్పిరని యడిగితిని. "వంగింది కదా తాతా" అన్నది.

ఆ రెక్క పుట చాలక, ఎడమవైపు స్కేలుతో గీచిన మార్జినును దాటి, అంచువఱకు పోయినది. సోమవారము ఎఱ్ఱసిరాతో వచ్చిన వార్తికము రెండు వాక్యములు: మార్జిను దాటినది. కొండలేవి?

ఆచార్యులు రేఖను, విచక్షణులు వర్తనను, స్త్రీలు భూషణములను, ఇతరజనులు రంగుల నిండుదనమును మెత్తురని చిత్రసూత్రము చూపఱులను నాలుగు వర్గములుగా విభజించినది. మార్జినును మెచ్చువర్గ మొకటి ముందు పుట్టునని మార్కండేయుడు ఎఱుగడు. తనిఖీకి వచ్చువారు పుస్తకములను వ్రేలితో ఫడఫడ త్రిప్పునప్పుడు వారికి అంచులే కనబడును. కావున అంచు శుభ్రముగా నున్న పుస్తకము ఉత్తమము, లోపల నేమున్నను మధ్యమము, అంచు దాటినది అధమము. మాష్టారు తమ పిల్లలను ఆ వ్రేలినుండి కాపాడుటకే ఆఱవ సూత్రము చేసిరని నా నిశ్చయము.

రెండవ వాక్యమునకు మాత్రము సమన్వయము దొరకలేదు. కొండలేవి యనుటలో కాకువు కలదా, నిజముగా జిజ్ఞాసయా యని ఆలోచించితిని. జిజ్ఞాసయే యైనచో ఉత్తరము సులభము: లేవు. ఆ మాటనే మా పిల్ల పుస్తకములో నేను పెన్సిలుతో, చెఱపుకొనుటకు వీలుగా, వ్రాయబోగా ఆమె పుస్తకము లాగికొని, గూడబాతు వెనుక ఆకాశములో రెండు చిన్న త్రిభుజములు తానే వేసి మాష్టారికి మరల చూపినది. గ్రేడు సి నుండి బి కి పెరిగినది. సౌందర్యస్పృహ పెంపొందినదని రిజిస్టరులో నమోదు కావించిరి.

ఇది కొల్లేటిసీమ వాస్తవ్యుడును, లోయరు పరీక్షకైనను కూర్చుండనివాడును, మనుమరాలి పుస్తకములు విప్పిచూచు దురభ్యాసము కలవాడును నగు ఒక విశ్రాంత తెలుగు పండితునిచే రచింపబడిన కూజాసూత్ర ఘర్షణీవ్యాఖ్యయందు సర్వమును ఏకాశ్వాసము. వచ్చు శనివారము పాఠ్యవస్తువు మగ్గు అని వినికిడి. లెక్కల సిలబసు ముగిసినచో దానికిని టీక వ్రాయబడును.